కోరీ చెరువుల ఆదివారం

మొన్న కార్తీకంలో అనకాపల్లి వెళ్ళినప్పుడు రాజీ నా ఎదురుగా కూర్చుని ఫోను నా ముక్కు మీదికి తెచ్చింది. రాజీ మా మావయ్య కూతురు, నాకు మరదలు. ఫోనులో ఎవరో కుర్రాడు వెనక్కి నడుస్తూ, నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అతని వెనక కొండ, కొండ నడుమ మెట్లమెట్లుగా మూడు చెరువులు. నీళ్ళు మైలుతుత్తం కలిపినట్టు నీలానికీ ఆకుపచ్చకీ మధ్య మెరుస్తున్నాయి. "ఈజీ ట్రెక్ ఫ్రెండ్స్, అమ్మమ్మలు కూడా ఎక్కేయొచ్చు. టర్కాయిస్ లేక్స్, మన అనకాపల్లి పక్కనే!" అంటున్నాడు. "మన కోరీ సెరువులే వదినా. ఆదివారమైతే ఇసకేస్తే రాలదు జనం. రేపు మనమూ ఎల్దుమా?" అంది రాజీ. తలనొప్పిగా ఉందే అన్నాను. మాట మార్చడానికి నాకు తెలిసిన జబ్బు అదొక్కటే.

తలనొప్పి లేదు, ఏమీ లేదు. పదహారేళ్ళ వయసులో ఒక ఆదివారం ఆ కొండ మీద నన్ను మరిచిపోయి మావాళ్ళంతా దిగిపోయారు. మరిచిపోవడం పెద్ద నేరమేమీ కాదు. తీర్థాల్లో పిల్లల్ని మరిచిపోతారు, బస్సుల్లో సంచులు మరిచిపోతారు. కానీ నేను ఒక్కదాన్నే నడుచుకుంటూ ఇల్లు చేరాక కూడా, "ఎక్కడుండిపోయావే" అని ఎవరూ అడగలేదు. అది మింగుడుపడలేదు. ఈ ఇంట్లో నేను లేకపోతే ఎవరికైనా తెలుస్తుందా అన్న ప్రశ్న ఆ సాయంత్రం నాలో పుట్టింది. తెలియదు అన్న జవాబు కూడా నేనే చెప్పుకున్నాను. ఇరవై ఏళ్ళు ఆ జవాబు మీదే బతికాను. నాకు పంతం ఎక్కువ, అది అందరూ చెప్పేదే. మావయ్య ఈ వేసవిలో పోయాడు. అప్పుడు సెలవు దొరకలేదని మూడో రోజే కర్నూలు తిరిగి వెళ్ళిపోయాను. సెలవు అడగలేదన్నది నిజం.

మాది పూడిమడక. నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. నాకు పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి, అదే నేను చేసిన తప్పు. మాస్టారు ఇంటికొచ్చి ఈ పిల్లని చదివించకపోతే పాపం అన్నారు. పాపానికి భయపడి అమ్మ నన్ను అనకాపల్లిలో తన అన్న ఇంట్లో దింపి, జూనియర్ కాలేజీలో చేర్పించింది. దింపిన రోజు ఎండుచేపల మూట గుమ్మంలో పెట్టి, "అన్నా, తప్పు సేత్తే తోలు తీసెయ్. మొకం సూడకు," అంది. మావయ్య నావైపు చూసి నవ్వి, "పైడి నాకు బరువేటే? నా దగ్గరున్న మనిషిని నానెప్పుడైనా పోగొట్టేనేటి? ఎల్లు, బస్సెల్లిపోతాది," అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. అమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపుతుందని నిలబడ్డాను గానీ, ఆవిడ అప్పటికే పక్కనున్న మనిషితో చేపల ధర గురించి మాట్లాడుతోంది.

మావయ్య మాట ఊరికే అన్నది కాదు. సముద్రం ఒడ్డున పుట్టి సముద్రం పడని మనిషి ఆయన. కుర్రతనంలో మొదటిసారి పడవెక్కి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడట. పల్లె అంతా నవ్వితే రోషంతో కొండపనికి వెళ్ళిపోయి, రాయి కొట్టి కొట్టి చివరికి కోరీ మేస్త్రీ అయ్యాడు. కోరీ అంటే రాతిక్వారీ, అక్కడివాళ్ళ నోట్లో అంతే. కొండ నడుమ మూడు గోతులు తవ్వాక అడుగున ఊట పడింది. తోడలేక యజమాని వదిలేసి పోయాడు. గోతులు వాననీటితో నిండి చెరువులయ్యాయి, రాతిపొడి వల్లో ఏమో ఆ రంగు తేలాయి. మావయ్య బెల్లం మార్కెట్‌లో కలాసీగా చేరి దిమ్మలు మోశాడు. మోసినా ఆయన మనసు కోరీలోనే ఉండేది. "పద్దెనిమిదేళ్ళు మేస్త్రీగా సేసేను. నా సేతి కింద ఒక్క పురుగు సావలేదు," అని రోజుకోసారైనా అనేవాడు. అత్త పొయ్యివైపు తిరిగే, "పురుగులు సావకపోతేనేటి, బియ్యంలో ఉన్నాయి సూడు," అనేది.

ఇల్లు మార్కెట్ వెనక సందులో రెండు గదులు. బెల్లం వాసనతో తెల్లవారేది. దూరం నుంచి వచ్చిన వాళ్ళు ఆహా అని గాలి పీలుస్తారు గానీ, అందులో ఉండేవాళ్ళకి అదొక జిగురు. తలుపు గొళ్ళెం, గ్లాసు, పుస్తకం అట్ట, ముట్టుకున్నదల్లా వేళ్ళకి అంటుకునేది. సాయంత్రం మావయ్య వస్తే అత్త వేడినీళ్ళ చెంబు అందించేది. ఆయన వసారాలో కూర్చుని మోచేతులు, మెడ వెనక, చెవుల వెనక రుద్దుకునేవాడు. చొక్కా ఇంట్లోకి తేవడానికి వీల్లేదు. వసారాలో దండెం మీదే వేసి, దండెం రెండు కొసలకీ అత్త కిరసనాయిలు గుడ్డ చుట్టేది, చీమలు ఎక్కకుండా. అయినా పొద్దున్నకి నాలుగు చీమలు కాలరు దగ్గర తిరుగుతూనే ఉండేవి. నెలకోసారి అమ్మ వచ్చి ఎండుచేపలు ఇచ్చిపోతే, ఆ రెండు వాసనలూ కలిసి మా ఇంటిదంటూ ఒక వాసన అయ్యేది. కాలేజీలో నా పక్కన కూర్చున్న అమ్మాయి మొదటి వారంలోనే బల్ల మార్చుకుంది. దాన్ని నేను తిట్టుకోలేదు, నేనైనా మార్చుకునేదాన్నే.

ఆ ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉండేది. రాజీకి పదేళ్ళు, తిట్లు తినేది, చెంపదెబ్బ తినేది, ఆ తర్వాత అత్త ఒళ్ళోనే పడుకునేది. నేను గ్లాసు పగలగొట్టినా అత్త పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండా, "పోన్లే," అనేది. అత్త మాటలన్నీ అటువైపు తిరిగే అనేది, ఎవరితోనైనా అంతే. పదహారేళ్ళ దానికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నాతో మొహం పెట్టి మాట్లాడటం ఇష్టం లేదనుకున్నాను. ఒక్కసారి తిడితే బాగుండునని అనిపించేది. సందు చివర రూపాయి కాయిన్ ఫోనుండేది. దాని దగ్గర నిలబడి ఊళ్ళో ఎవరికి ఫోను చెయ్యగలనా అని ఆలోచించేదాన్ని. మా పల్లెలో ఉన్న ఒకే ఒక్క ఫోను మేం మాట్లాడని వాళ్ళింట్లో ఉండేది.

కార్తీకం వచ్చిందంటే సందులో వాళ్ళంతా ఒక ఆదివారం కోరీ చెరువులకి వెళ్ళేవారు. దానికి పెద్దదిక్కు మావయ్యే. వారం ముందు నుంచీ ఆయన నడక మారిపోయేది. కొండెక్కడం అని గొప్పగా చెప్పుకోడానికి లేదు. పాత లారీల బాట, కొండ చుట్టూ మెల్లగా ఎక్కుతుంది. చంటిపిల్లల్ని చంకనేసుకున్న వాళ్ళూ, మోకాళ్ళు పట్టుకుంటూ ముసలమ్మలూ, వంట గిన్నెలు కర్రకి వేలాడదీసి మోసుకెళ్ళే మగాళ్ళూ, ఊరూరి జనం అదే దారిన పోయేవారు. దారి పొడుగునా మరమరాల మురీ మిక్చరు, కాల్చిన పొత్తులు. అరవై ఏళ్ళావిడ ఒకామె మధ్యలో ఆగకుండా ఎక్కేసి, పైన నిలబడి కిందివాళ్ళని వెక్కిరించేది.

మొదటి చెరువుకి కాస్త కింద చదునైన బండ ఒకటి ఉంది. కోరీ నడిచిన రోజుల్లో దాని మీద పనివాళ్ళు కొండమ్మ తల్లిని నిలిపి పసుపు రాశారు. అక్కడ చెప్పులు విడిచి పైకెళ్ళాలి. భక్తి ఒకటీ, రాతి మీద వట్టి కాలికే పట్టు దొరుకుతుందన్నది ఒకటీ. దాన్ని మావయ్య పనిలో పెట్టుకున్నాడు. తూటాలు పేల్చే ముందు కేకేసి అందర్నీ కిందికి పంపేవాడు. దిగిన ప్రతివాడూ తన చెప్పులు తొడుక్కుని పోవాలి. ఆఖరికి మావయ్య బండ దగ్గర నిలబడి చూసేవాడు. ఒక్క జత మిగిలినా పైన మనిషున్నట్టు. బండ ఖాళీ అయితేనే మందుకి నిప్పు. "మనిషి అబద్ధమాడతాడు, కునుకు తీత్తాడు, మూలకి పోయి బీడీ కాలుత్తాడు. సెప్పులు అబద్ధమాడవు," అనేవాడు. పిక్నిక్‌కి వచ్చినా అదే పద్ధతి. జనాన్ని లెక్కపెట్టడు, పేరు పెట్టి పిలవడు, బండ చూస్తాడు. అందరూ మెచ్చుకునేవారు.

నాకు చెప్పులున్నాయి. అత్తే కొనిపెట్టింది, ఎర్ర పట్టీలవి. కాలేజీకి తప్ప వాటిని బయటికి తీసేదాన్ని కాదు. మా పల్లెలో ఇసకలో నడిచే పిల్లలకి చెప్పులు కాళ్ళకి అడ్డం. కొండకి వేసుకెళితే పట్టీలు తెగుతాయని ఇంట్లోనే పెట్టి, వట్టి కాళ్ళతో బయల్దేరాను. ఆ విషయం ఎవరూ చూడలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఎవరికి తెలుసు?

ఆ రోజు రెండు ఆటోల్లో పద్దెనిమిది మందిమి వెళ్ళాం. మొదటి చెరువు దగ్గర పొయ్యిలు పెట్టారు. గుమ్మడికాయ దప్పళం, పులిహోర, వంకాయ కూర. నెలంతా నీసు లేక నాకు నాలుక చచ్చిపోయి ఉంది, అయినా రెండుసార్లు పెట్టించుకున్నాను. మావయ్య నీళ్ళకి పది గజాల దూరంలో కూర్చుని, ఏ రాయి ఎప్పుడు పగిలిందో పిల్లలకి చెబుతున్నాడు. నీళ్ళంటే ఆయనకి అంత భయం, చెరువైనా సరే. భోజనాలయ్యాక ఆడపిల్లలు గుంపుగా కూర్చుని టీవీ సీరియల్ కథ మొదలుపెట్టారు. ఆ సీరియల్ నేనూ చూస్తాను, నాకూ మాటలున్నాయి. ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను గానీ ఎవరూ ఇటు తిరగలేదు. లేచి పైకి నడిచాను. రెండో చెరువు దాటి మూడో చెరువు దగ్గరికి వెళ్ళాను. అక్కడిదాకా వచ్చే జనం తక్కువ. నీళ్ళు ఇంకా గాఢంగా, అడుగు తెలియకుండా ఉన్నాయి. దాని అవతలి గట్టెక్కితే దక్షిణంవైపు చివర సన్నగా ఒక గీత కనిపిస్తుంది. అది సముద్రమని నాకెవరూ చెప్పలేదు. చూడగానే తెలిసింది. పూడిమడక ఎటువైపో లెక్కగట్టుకుంటూ, ఈ వేళకి నాన్న వల బాగుచేసుకుంటుంటాడని, అమ్మ గంప కడుగుతుంటుందని అనుకుంటూ కూర్చున్నాను. ఏడ్చాను కూడా. ఎంతసేపో తెలియదు.

దిగేసరికి మొదటి చెరువు దగ్గర మా పొయ్యి రాళ్ళు, విస్తరాకులు, వాటి మీద కాకులు మాత్రమే ఉన్నాయి. గోతుల గోడల మధ్య కింద వేసిన కేక పైకి రాదు, ఆ సంగతి మేస్త్రీకి తెలియాలి గదా అనుకున్నాను. పరుగెత్తాను. బండ ఖాళీ. రోడ్డు మీద మా ఆటోలు ఆగే చోటు ఖాళీ. మొదట వాళ్ళు తిరిగి వస్తారనుకుని ఆ చోటే నిలబడ్డాను. మిగతా ఊళ్ళ జనం ఒక్కొక్క బండీ ఎక్కి పోతున్నారు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, మావాళ్ళు నన్ను మరిచిపోయారని చెప్పడమా? ఆ మాట అనడం కంటే నడవడం నయమనిపించింది. గడ్డిమోపులతో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు అనకాపల్లివైపే వెళ్తున్నామంటే వాళ్ళ వెనక పడ్డాను. "ఎవలమ్మాయివే?" అంది ఒకామె. "మార్కెట్ కాడ," అన్నాను. ఇంకేమీ అడగలేదు. వాళ్ళు తారురోడ్డు వదిలి కాలవ గట్టెక్కారు, అదే దగ్గరి దారట. ఇటు చెరకు తోటలు, అటు వరి. ఎక్కడో గానుగ మొదలైనట్టుంది, బెల్లం కాగుతున్న వాసన వస్తోంది. రోజూ చిరాకు పడే ఆ వాసనకి ఆ వేళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దారంతా ఇల్లెలా ఉంటుందో ఊహించుకుంటూ నడిచాను. సందులో గుంపు ఉంటుంది, అత్త గుండెలు బాదుకుంటుంది, మావయ్య నన్ను చూడగానే చెయ్యెత్తుతాడు. ఆ దెబ్బ కోసం ఎదురుచూస్తూ నడిచాను.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాను. సందులో గుంపు లేదు. రాజీ టీవీ ముందు బోర్లా పడుకుని నిద్రపోయింది. అత్త పెరట్లో గిన్నెలు తోముతోంది, వీపు నావైపు. నా అడుగుల చప్పుడికి చెయ్యి ఆగింది. "వచ్చేవా. కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను," అంది, తిరగకుండానే. అంతే. కాళ్ళు కడుక్కున్నాను. అరికాళ్ళలో రెండు చోట్ల చీలింది. అన్నం తింటుంటే మావయ్య సైకిలు తోసుకుంటూ వచ్చాడు, ఛాతీ దాకా తడిసి ఉన్నాడు. గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. "తిన్నావా?" అన్నాడు. తింటున్నానన్నాను. "కాలవలో సైకిలు జారింది," అని ఎవరూ అడగకుండానే చెప్పి, వసారాలో కూర్చుండిపోయాడు. అన్నం వద్దన్నాడు. నేను ఆ రాత్రే అనుకున్నాను, ఇంటర్ అయ్యాక ఈ ఇంట్లో ఒక్క రోజు ఉండనని. అమ్మకీ చెప్పలేదు. చెబితే చదువు మానిపించి తీసుకుపోతుంది. అదీ కాక, నన్నెవరూ వెతకలేదన్న మాట సొంత తల్లికి చెప్పుకోవడం నామోషీ.

ఆ తర్వాత మావయ్యకి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పని నుంచి వచ్చి గుమ్మంలో అడుగుపెడుతూనే, "పైడీ," అని కేకేసేవాడు. నేను పుస్తకం వదిలి, "ఆఁ మావయ్యా," అంటే, ఇంకేమీ అనడు. మొహం కడుక్కోడానికి వెళ్ళిపోతాడు. రోజూ ఇదే. ఒకసారి విసుక్కున్నాను కూడా, ఏం కావాలో చెప్పొచ్చు కదా అని. "ఏటీ లేదే. ఉన్నావా లేదా అని," అన్నాడు. మరుసటి కార్తీకానికి మోకాలు నొప్పని కొండకి రానన్నాడు. బస్తాలు మోసే మోకాలికి లారీబాట ఎక్కితే నొప్పేమిటని సందులో వాళ్ళు ఆటపట్టించారు. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. నా చేతి కింద ఒక్క పురుగు చావలేదన్న మాట కూడా ఆగిపోయింది, అది ఆగిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు.

డిగ్రీకి విశాఖపట్నం హాస్టల్లో చేరాను. అక్కడా ఫోను మోగేది. వార్డెన్ గట్టిగా అరిచేది, "మీ మావయ్యట, నువ్వున్నావా అని అడిగి పెట్టేశాడు." పిలవమంటారా అంటే అక్కర్లేదు అనేవాడట. హాస్టల్లో అందరూ నన్ను 'ఉన్నావా' అని పిలవడం మొదలుపెట్టారు. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి, ఉద్యోగం వచ్చింది, కర్నూలు వచ్చింది. ఒక్కదాన్నే గది తీసుకున్నాను, ఒక్కదాన్నే ఉండటానికి అలవాటు పడ్డాను. వారం పదిరోజులకోసారి ఫోను. "ఎక్కడున్నావు?" "ఆఫీసులో మావయ్యా." "సరే." ఆ సరేకి నాకు ఒళ్ళు మండేది. మాట్లాడటానికి ఏమీ లేనప్పుడు చెయ్యడం దేనికి, బాధ్యత తీర్చుకోడానికా? రెండేళ్ళుగా కొన్నిసార్లు తియ్యకుండా వదిలేశాను. తియ్యకపోతే వెంటనే మళ్ళీ మోగేది, తీసేదాకా మోగేది.

ఈ కథంతా ఇలాగే మిగిలిపోయేది, అత్త అడ్డుపడకపోతే. రాజీ ఫోను చూపించిన సాయంత్రం, నా తలనొప్పి మాట విని, అత్త పొయ్యి దగ్గర్నుంచి, "రేపు నానూ వత్తాను," అంది. ఏడాది తిరగకుండా పిక్నిక్‌కేంటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు అంది రాజీ. "అనుకోనీ. పైడి వత్తేనే వత్తాను," అంది. అత్త నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. కాదనలేకపోయాను.

కొండ మొదట్లో ఇప్పుడు కార్లు ఆపే చోటుంది, పైన గొడుగుల కింద నూడుల్స్ అమ్ముతున్నారు. చెరువుల చుట్టూ కంచె కట్టారు. కంచె మీంచి చేతులు చాపి ఫోటోలు తీసుకుంటున్నారు. అందరి కాళ్ళకీ బూట్లు, బండ దగ్గర ఎవరూ ఏమీ విడవడం లేదు. అమ్మవారికి మాత్రం ఎవరో చిన్న గుడి కట్టి రంగులేశారు. రాజీ తన పిల్లల్తో పైకి వెళ్ళిపోయింది. అత్త బండ మీద చతికిలబడి, నన్నూ కూర్చోమంది. ఇక్కడ వెనక్కి తిరగడానికి పొయ్యి లేదు. నా మొహంలోకే చూసింది.

"ఆవేళ నువ్వు గడపలో అడుగెట్టినప్పుడు నాకు పేణం లేచొచ్చిందమ్మా. తిరిగితే ఏడిసేత్తానని తిరగలేదు," అంది.

ఏవేళ అని నేను అడగలేదు.

"ముందాటోలో మేవు, ఎనకాటోలో నువ్వనుకున్నాం. ఇంటికొచ్చి సూత్తే నీ ఎర్ర సెప్పులు గూట్లో ఉన్నాయి. అవి సూసి ఆయన అక్కడే కూలబడిపోయేడు. బండ మీద లేవు గదా అని దిగిపోయేనే, అసలేసుకోనేలేదే అన్నాడు. ఎవలికీ సెప్పకు, గోలైతే ఆడగుంట పరువు పోతాదని, సైకిలేసుకుని పరిగెట్టేడు. కొండంతా అరిసేడు. ఎవలూ పలకలేదంట. మూడో సెరువులో ఏటో ఎర్రగా తేలతందని, నీ ఓణీయేమో అని దిగిపోయేడు. పడవెక్కితే కక్కుకున్న మనిషి, ఛాతీ దాకా దిగిపోయేడు. ఎవలిదో తువ్వాలంట."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు నాకే మొరటుగా వినిపించింది. నిజంగానే కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళు, అత్తా. ఒక్క మాట.

"సెప్దామనే అనుకునేవోడు. నువ్వడుగుతావని సూసేడు. అడిగితే కాళ్ళు పట్టుకుంటానే అనేవోడు. నువ్వడగలేదు. అడగని దానికి ఏ మొకంతో సెప్పను, నా సెల్లి నా సేతిలో ఎట్టిన పిల్లని కొండ మీదొగ్గీసేనని ఎలా సెప్పను అనేవోడు. ఇంక సూడు, రోజూ నిన్ను పిలుసుకోడమే. నువ్వు పలికితే గానీ ముద్ద దిగేది కాదు. నువ్వు ఫోను తియ్యని రోజున అన్నం ముందు ఫోనెట్టుకుని కూకునేవోడు."

నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నన్నెవరూ వెతకలేదని నేను అలిగి కూర్చున్న ఇన్నేళ్ళూ ఆయన వారం వారం వెతుకుతూనే ఉన్నాడు. నేను ఆఫీసులో, బస్సులో, గదిలో ఉన్నానని విసుగ్గా చెప్పి పెట్టేస్తూ వచ్చాను. ఈ మార్చిలో చివరిసారి మోగినప్పుడు పేరు చూసి ఫోను బోర్లించాను, మూడుసార్లు. ఆ మూడుసార్ల సంగతి అత్తకి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు, ఇక్కడ రాస్తున్నాను.

కింద నుంచి జనం వస్తూనే ఉన్నారు. ఎవరి పాపో మా పక్కన బండెక్కి దూకుతోంది. అత్త కొంగుతో మొహం తుడుచుకుని, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఒక్కటి సెప్పమ్మా. ఆయన సచ్చేదాకా నన్నడిగేవోడు, నాకేటి తెలుసు. అంత రోడ్డూ ఎతుక్కుంటా ఎల్లేడు, ఎదురవలేదంట. నువ్వు ఏ దారిని వచ్చేవు?"

"కాలవ గట్టు మీంచి వచ్చేను అత్తా," అన్నాను.

అత్త తల తిప్పి కిందనున్న రోడ్డు వైపు చూసింది.

"కాలవ గట్టా," అంది. "ఆయన తారురోడ్డంట ఎల్లేడు."